కళ్యాణమండపంలో శవాసనం

రెండేళ్ళ కిందట నా కుడి చెయ్యి పైకి లేవడం మానేసింది. దెబ్బ తగల్లేదు, బరువెత్తలేదు. వేసవి సెలవుల్లో ముందు నొప్పి మొదలైంది, తర్వాత బిగుసుకుంది, బడి తెరిచేనాటికి చెయ్యి భుజం ఎత్తుకి కూడా రాకుండా పోయింది. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఆ ఏడాది నల్లబల్ల కింది సగంలోనే రాశాను. వెనక బెంచీల పిల్లలు కొన్నాళ్ళు మెడలు చాచి చూశారు, తర్వాత చూడటం మానేశారు. వాళ్ళని తప్పుపట్టలేను. నా కోపమంతా నా చెయ్యి మీదే.

జడ సంగతి ఇంకో బాధ. మా ఆయన నేర్చుకుని మరీ వేసేవాడు. ఏ పనైనా శ్రద్ధగా చేసే మనిషే గానీ, ఆయన వేసిన జడ ఎప్పుడూ ఎడమ పక్కకి పోయేది. స్టాఫ్ రూమ్‌లో ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ అవమానంగా ఉండేది.

విజయనగరంలో ఎముకల డాక్టరు చూసి "ఫ్రోజెన్ షోల్డర్" అన్నాడు. ఈ వయసు ఆడవాళ్ళకి మామూలేనట. రోజూ ఫిజియోథెరపీ చేయించుకోవాలన్నాడు, లేకపోతే చెయ్యి ఇలాగే ఉండిపోవచ్చన్నాడు. మేముండేది బొబ్బిలిలో. రోజూ విజయనగరం వెళ్ళి రావాలంటే ఉద్యోగం వదులుకోవాలి. ఆ మాట చెబితే డాక్టరు తల ఎత్తకుండా, "అయితే మీ ఊళ్ళోనే ఎవరైనా నేర్పేవాళ్ళ దగ్గర యోగా చెయ్యండి. ఏది చేసినా మానకండి" అన్నాడు.

మాది మిషను కాంపౌండులో పెరిగిన బాప్టిస్టు కుటుంబం. యోగా అనగానే మా సంఘంలో ఒకరిద్దరు పెద్దామెలు కనుబొమలు ఎగరేశారు. "చెయ్యి లేవకపోతే ప్రార్థనలో మాత్రం ఎలా ఎత్తుతాను?" అని అడిగాను. వాళ్ళు మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు.

ఉచితంగా యోగా నేర్పే చోటు కోసం వెతుకులాట మొదలుపెట్టాను. మొదట పార్కు. అక్కడ తెల్లవారకముందే రిటైరైన ఉద్యోగులు గుండ్రంగా నిలబడి పొట్టలు పట్టుకుని నవ్వుతుంటారు, ఆరోగ్యానికి మంచిదని. మర్యాదస్తులే. నన్ను చూడగానే నవ్వు ఆపేసి, కుర్చీ తెప్పించి, మా ఆయనది ఏ డిపార్టుమెంటని అడిగారు. రెండు రోజులు కుర్చీలో కూర్చుని వాళ్ళు నవ్వడం చూసి వచ్చేశాను.

తర్వాత బస్టాండు దగ్గర "ఉచిత యోగా శిబిరం" అని ఫ్లెక్సీ కనబడింది. మొదటి రోజు ఊపిరి ఎలా పీల్చాలో చెప్పారు. రెండో రోజు ఊపిరి సరిగ్గా ఆడాలంటే వాళ్ళ చూర్ణం వాడాలన్నారు. మూడో రోజు ఒక కాయితం ఇచ్చి, తెలిసిన అయిదుగురి ఫోను నంబర్లు రాయమన్నారు. చెయ్యి లేవదని చెప్పి రాయలేదు. ఆ చెయ్యి నాకు ఉపయోగపడింది ఆ ఒక్కసారే.

ప్రభుత్వ ఆసుపత్రిలో నేర్పే అమ్మాయి మంచిది. ఓపికగా చెబుతుంది, పైసా అడగదు. కానీ అది పదిగంటలకి, వారానికి రెండు రోజులు. ఆ వేళకి నేను తొమ్మిదో తరగతిలో పద్యం చెబుతుండాలి. ఇక మిగిలింది సెల్‌ఫోను. వంటింట్లో ఉప్పు జాడీకి ఆనించి వీడియో పెట్టేదాన్ని. అందులో పిల్ల రెండు చేతులూ ఆకాశానికి ఎత్తి, చాలా సులభం అనేది. నాకు ఒళ్ళు మండి ఫోను బోర్లా పెట్టేసేదాన్ని.

చివరికి దొరికింది వెతికితే కాదు. ఒకరోజు పొద్దున్నే పాలకి వెళ్ళి వస్తుంటే, మా వీధి చివర కళ్యాణమండపం గేట్లోంచి పదిహేను మంది దాకా ఆడవాళ్ళు, నలుగురు మగవాళ్ళు బయటికొస్తున్నారు. అందరి చంకల్లో చుట్టిన చాపలు. పెళ్ళి భోజనానికి చాపలు పట్టుకుని ఎవరూ రారు కదా అని నిలబడి చూశాను. అరవై ఏళ్ళుంటాయేమో, పొడుగాటి మనిషి, ముతక చీర బిగించి కట్టుకున్నావిడ నా ముందు ఆగింది.

"ఏటమ్మా, అలగ సూస్తన్నావు? యోగాకేటి? రా. డబ్బుల్లేవు, ఏటీ లేవు. సాప తెచ్చుకో. తెల్లారి అయిదున్నరకి రావాల. ఆలీసెంగా వస్తే సారు ఏటీ అనడు గానీ, మేం అంటాం."

ఆవిడ అడ్డాకులతో విస్తళ్ళు కుట్టి అమ్ముతుంది. ఆ మండపంలో పెళ్ళిళ్ళకి విస్తళ్ళు ఆవిడవే. అలా వస్తూ పోతూ ఉంటే ఈ క్లాసు తెలిసిందట. అందరూ ఆవిడని అక్క అన్నట్టుగా అప్ప అనేవారు. నేనూ అప్ప అనడం మొదలుపెట్టాను.

నేర్పే సారు జూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోడు. మండపం వాళ్ళు కింద భోజనాల హాలు ఊరికే ఇచ్చారు, పెళ్ళి లేని రోజుల్లో మాత్రమే. అంచేత మా క్లాసు పంచాంగం ప్రకారం నడిచేది. శ్రావణమాసం వచ్చిందంటే వారానికి రెండు రోజులు దొరకడం కష్టం. మూఢం వస్తే మాకు పండగ. ఊళ్ళో అందరూ మూఢం ఎప్పుడు పోతుందా అని చూస్తుంటే మేం ఎప్పుడు వస్తుందా అని చూసేవాళ్ళం.

పెళ్ళి అయిన మర్నాడు హాల్లోకి అడుగుపెడితే సాంబారు వాసన. టేబుళ్ళు గోడవారకి జరిపి, నేల మీది మెతుకులూ పూలరేకులూ ఊడ్చి, తడిగుడ్డ పెట్టాకే చాపలు పరిచేవాళ్ళం. వంతులు వేసుకునేవాళ్ళం. నా వంతు రోజు ఎడంచేత్తో ఊడ్చాను. ఎవరూ చీపురు లాక్కోలేదు, అయ్యో అనలేదు. అది నాకు నచ్చింది.

ఊరికే చెబుతున్నారు కదా అని ఎలాగైనా ఉండొచ్చనుకుంటాం. కానీ ఉచితంగా నడిచేచోటే పద్ధతులు ఎక్కువ. అవి ఎక్కడా రాసి ఉండవు. చెప్పులు గుమ్మం అవతల గోడకి ఆనించి వరసగా పెట్టాలి. ఎవరి చోటు వాళ్ళది, మనిషి రాకపోయినా అందులో చాప వెయ్యకూడదు. సెల్ మోగితే మోగినవాళ్ళు మర్నాడు ఊడవాలి. సారు ఆసనాల పేర్లు తనకొచ్చినట్టు పలికేవాడు. మొదటి వారంలో రెండుసార్లు సరిదిద్దాను. ఆయన రెండుసార్లూ "అలాగేనండి" అని మళ్ళీ తనలాగే పలికాడు. మూడోసారి నోరు మూసుకున్నాను. ఓంకారం అనేటప్పుడు నేను అననని ముందే చెప్పాను. "ముక్కుతో గాలి వదలండి చాలు, టీచరుగారూ. గాలికేటి?" అన్నాడు. అంతకంటే పెద్ద చర్చ జరగలేదు.

ఆయన దగ్గర ఇద్దరిద్దరుగా చేసే కసరత్తులు ఎక్కువ. అందరికీ జతలు కుదిరిపోయి ఉన్నాయి. అప్ప జతకత్తె కూతురి దగ్గరికి కొత్తవలస వెళ్ళిపోవడంతో ఆవిడ ఒంటరిగా ఉంది. నన్ను ఆవిడకి అప్పజెప్పారు. ఆవిడ తన అరచేతిలో నా మోచెయ్యి పెట్టుకుని మెల్లగా పైకి లేపేది. ఆకుల మోపులు ఎత్తిన చేతులు, ఎంతవరకు లాగాలో వాటికి తెలుసు. నేను పళ్ళు బిగిస్తే ఆగేది.

"సాలా?"

"ఇంకొంచెం."

"ఏడవకు మరి."

"నేను ఏడవను."

"సూస్తన్నాను కదా," అనేది.

తర్వాత స్తంభం దగ్గర నిలబెట్టి, వేళ్ళతో పైకి పాకించమనేది. ఎంతవరకు అందితే అక్కడ నా సంచిలోని సుద్దముక్కతో గీత పెట్టేది. మూడు వారాల్లో ఆ గీత నా గడ్డం దగ్గర నుంచి కళ్ళ దాకా వచ్చింది. ఫిజియోథెరపీ ఎలా ఉంటుందో నాకు తెలియదు గానీ, నా చెయ్యి ఆవిడ చేతిలో బాగుపడుతోందని మాత్రం తెలిసింది. ఏడాదిలో మొదటిసారి ఆశ పుట్టింది.

ఒక్క విషయంలో నా పద్ధతి బాగాలేదు. క్లాసు చివర అందరూ శవాసనంలో పది నిమిషాలు పడుకుంటారు. నేను ఆ ముందే చాప చుట్టేసి వచ్చేసేదాన్ని. పడుకోవడానికి ఇంట్లో మంచం ఉంది, అక్కడ అన్నం, కూర ఇంకా వండాల్సి ఉంది అనుకునేదాన్ని. ఒకరోజు సారు గుమ్మం దగ్గర ఆపి, "టీచరుగారూ, గంట కొట్టకముందే పిల్లలు సంచులు సర్దుకుంటే మీరు ఊరుకుంటారా?" అని అడిగాడు. ఊరుకోను. మర్నాడు ఉండిపోయాను.

సారు దక్షిణపు గోడ దగ్గర కూర్చుంటాడు, మైకు పెట్టుకునే ప్లగ్గు అక్కడే ఉంది కనక. మేమంతా ఆయన వైపు ముఖం పెట్టి కూర్చుంటాం. శవాసనం అనగానే నేను కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే వెనక్కి వాలిపోయి కళ్ళు మూసుకున్నాను. మిగతావాళ్ళంతా చాప మీద వెనక్కి తిరిగి, సారు వైపు తలలు పెట్టి పడుకుంటారని నాకేం తెలుసు? ఎప్పుడూ చూస్తేగా. నా తల ఉత్తరానికి ఉంది, కాళ్ళు సారుకి ఎదురుగా ఉన్నాయి. మా ఇంట్లో మంచం ఎటు పడితే అటు వేస్తాం. ఉత్తరం వైపు తల పెట్టేది శవానికని వినడం విన్నాను, తెలుగు పంతులమ్మని కదా. విన్నది ఒంటికి పట్టలేదు.

"ఓలమ్మో! లెగు! లెగు!" అని అరుపు. నా కుడిచెయ్యి పట్టుకుని ఒక్క గుంజు గుంజింది అప్ప. భుజంలో ఏదో తెగినట్టయింది. కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. లేచి కూర్చుని, హాలంతా వినబడేలా, "ఏం? చచ్చిపోయాననుకున్నావా? మా ఇంట్లో దిక్కులన్నీ ఒకటే. నీ నమ్మకాలు నా చేతి మీద చూపించకు" అన్నాను.

నేను కేకలేస్తే నలభై మంది పిల్లలు గప్‌చుప్ అయిపోతారు. ఆ హాలూ అలాగే అయిపోయింది. అప్ప మొహంలో రంగు మారింది. చాప చుట్టుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఆవిడ చోటు అలాగే ఖాళీగా ఉంది, నా పక్కన చాపంత. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అందరూ పలకరించారు, మంచినీళ్ళిచ్చారు, నాకు వంతులవారీగా జతకి వచ్చారు. ఒకామె నా చెయ్యి లేపడానికి భయపడింది. ఇంకొకామె కోడలి సంగతి చెబుతూ లేపడం మర్చిపోయింది. పది రోజుల్లో స్తంభం మీద నా వేళ్ళు గీతకి కిందే ఆగిపోవడం మొదలైంది. నేను శవాసనంలో తల దక్షిణానికే పెట్టి బుద్ధిగా పడుకునేదాన్ని. చూడాల్సిన మనిషి లేదు.

"అప్ప రావడం లేదేంటండీ?" అని సారుని అడిగాను, ఏమీ ఎరగనట్టు.

"మూర్తాలప్పుడు తప్ప ఎన్నడూ మానలేదండి ఆవిడ. ఆవిడకి తనకంటూ ఉన్నది ఈ గంటే," అన్నాడు. 

ఆదివారం చర్చి అయ్యాక వెతుక్కుంటూ వెళ్ళాను. నిజం చెప్పాలంటే ఆవిడ కోసం వెళ్ళలేదు, నా చెయ్యి కోసం వెళ్ళాను. బజారు వెనక సందులో అరుగు మీద కూర్చుని పుల్లలతో ఆకులు కుడుతోంది. నన్ను చూసి పక్కనున్న ఆకుల కట్ట జరిపింది. కూర్చోమని అనలేదు, కానీ చోటైతే ఇచ్చింది. కూర్చున్నాను.

"సెయ్యి ఎలగున్నాది?" అంది.

"దిగిపోతోంది."

"గట్టిగా లాగీసినాను. తప్పే."

క్షమాపణ చెప్పడానికి వచ్చినదాన్ని నేను. ఆవిడ ముందే చెప్పేస్తే నాకేం మిగిలింది? ముప్పయ్యేళ్ళుగా పిల్లల చేత తప్పులు ఒప్పిస్తున్నాను, నా తప్పు ఒప్పుకోవడం మాత్రం చేతకాలేదు. "ఎటు తల పెట్టమంటే అటే పెడుతున్నాను. వచ్చి చూడు" అన్నాను, కాస్త విసురుగానే.

ఆవిడ చేతిలో ఆకు పూర్తిచేసి పక్కన పెట్టింది.

"దిక్కు ఒక్కటే కాదు టీచరమ్మా. మా ఆయన నా పక్కలో తొంగునే పోనాడు. నాకు తెలీనేదు. తెల్లారి లెగిసి, బేగి లెగు, టీ పెట్టీసినాను అని పిలుస్తన్నాను. గ్లాసు సేతిలో పట్టుకుని పిలుస్తన్నాను. పిలిసి పిలిసి ముట్టుకుంటే సల్లగా ఉన్నాడు. ఎప్పుడు పోనాడో ఏటో."

ఆవిడ ఇంకో ఆకు తీసుకుంది.

"ఆ హాల్లో మీరందరూ కళ్ళు మూసుకుని తొంగుంటారు కదా, నాను ముయ్యను. ఒక్కరోజూ ముయ్యనేదు. ఒక్కొక్కలి గుండెల కాడ సూస్తాను, కదుల్తన్నాదా లేదా అని. అందరిదీ సూసీసరికి సారు లెగమంటాడు. ఆ పొద్దు నువ్వు సూస్తే తల అటు పెట్టీసి, కట్టె లాగ తొంగున్నావు. గుండె కదల్లేదు. కొంగు అడ్డంగా ఉన్నాదో ఏటో, నాకు కనబడనేదు. నాకు బయ్యమేసీసింది."

చచ్చిపోయాననుకున్నావా అని నేను అడిగాను కదా. అవును, అలాగే అనుకుంది. నా జీవితంలో అంత సిగ్గుపడ్డ రోజు ఇంకోటి లేదు.

"తప్పు నాది, అప్పా" అన్నాను. చెప్పాక చూస్తే అంత కష్టమేమీ కాదు. "రేపు రా."

"రేపెలగొస్తాను? రేపు మన హాల్లోనే మూర్తం. మూడొందల ఇస్తళ్ళు ఇవ్వాల. ఎల్లుండి వస్తాను."

ఎల్లుండి వచ్చింది. మెతుకులు ఊడ్చాం, తడిగుడ్డ పెట్టాం, చాపలు పరిచాం. ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. ఆవిడ నా మోచెయ్యి అరచేతిలో పెట్టుకుని, "సాలా?" అని అడిగింది. ఏడాది చివరికి నా చెయ్యి ముప్పాతిక వంతు లేచింది. మిగతా పాతిక వంతు ఇక రాదని డాక్టరు చెప్పాడు. దాంతో పని గడిచిపోతోంది. జడ నేనే వేసుకుంటున్నాను.

ఎల్లుండి అన్న ఆ రోజునే శవాసనంలో ఒక పని మొదలుపెట్టాను. కొంగు పక్కకి సర్దుకుని, ఊపిరి కాస్త గట్టిగా తీయడం. పక్కచాపకి వినబడేంత, అంతకన్నా ఎక్కువ కాదు. సారు ఒకసారి వచ్చి, "నెమ్మదిగా తియ్యాలండి, సప్పుడు రాకూడదు" అని చెవిలో చెప్పాడు. "అలాగేనండి" అని, మళ్ళీ నాలాగే తీశాను. ఎందుకో ఆయనకి చెప్పలేదు, అప్పకీ చెప్పలేదు. ఆవిడకి తెలిసిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

మొన్న మూఢంలో ఒకరోజు పక్కనుంచి చిన్న గురక వినబడింది. శవాసనంలో కళ్ళు తెరవకూడదు. తెరిచాను. అప్ప కళ్ళు మూసుకుని ఉంది, నోరు కొద్దిగా తెరుచుకుంది, వేళ్ళు విడిపోయి నేల మీద పడున్నాయి. ఇంతలో గురక ఆగింది. నేను మోచేతి మీద లేచి ఆవిడ గుండెల వంక చూశాను. కొంగు పైకి లేచి, దిగి, మళ్ళీ లేచాక అప్పుడు పడుకున్నాను.